కొలిచి కట్టిన సైకిలు

పని తెలిసినవాళ్ల చేతికి ఉక్కు సైకిలు ఫ్రేము ఒకటి ఇస్తే ముందు రంగు చూడరు, మీద రాసిన పేరూ చూడరు. హ్యాండిల్ కింద, పై గొట్టమూ కింది గొట్టమూ వచ్చి తల గొట్టాన్ని కలిసే చోటికి వాళ్ల బొటనవేలు పోతుంది. అక్కడ గొట్టాల మీద ఉక్కు తొడుగు ఉంటుంది. దాన్ని లగ్గు అంటారు. ఆ తొడుగు అంచు గొట్టం మీదికి సన్నగా దిగి కలిసిపోయిందా, మూలల్లో ఆకురాయి గీతలు మిగిలాయా, లోపలినుంచి అంచుకు వచ్చిన ఇత్తడి గీత చుట్టూ ఎక్కడా తెగకుండా ఉందా అని తడిమి చూస్తారు. రంగు వేశాక వీటిలో సగం కనబడవు. కనబడని ఆ సగం కోసం కొందరు మామూలు సైకిలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి, నెలల తరబడి, కొందరు పనివాళ్ల దగ్గరైతే ఏళ్ల తరబడి వేచి ఉండి, తమ ఒంటి కొలతలకు ఫ్రేము కట్టించుకుంటారు. అంత డబ్బు పెట్టదగిన పనేనా అది? ధర సంగతికి వచ్చేముందు పనిని దగ్గరగా చూడాలి.

గొట్టంతో మొదలుపెడదాం. సైకిలు ఫ్రేము ఎక్కువగా విరిగేది అతుకుల దగ్గర. అందుకని గొట్టమంతా దళసరిగా చేస్తే బరువు పెరుగుతుంది, పల్చగా చేస్తే అతుకు నిలవదు. బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే కుటుంబంలో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ మిల్‌వర్డ్ రెనాల్డ్స్, తన తోటివాడు హ్యూయిట్‌తో కలిసి 1897లో దీనికి ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టం బయటినుంచి చూస్తే కొననుంచి కొనదాకా ఒకే లావు. లోపల మాత్రం రెండు కొనల దగ్గర గోడ మందంగా, నడుమ పల్చగా ఉంటుంది. అతుకు పడే చోట బలం, పడని చోట తేలిక. ఆ సంస్థే 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో 531 గొట్టాన్ని తెచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు యూరపు రేసుల్లో గెలిచిన సైకిళ్ల మీద ఆ మూడంకెల చీటీ ఉండటం మామూలైపోయింది. ఇటలీలో దానికి దీటుగా మిలాన్ నగరపు కొలంబస్ గొట్టాలు నిలబడ్డాయి. ఈ తరం ఉక్కు గొట్టాల్లో కొనల దగ్గర 0.8 మిల్లీమీటర్లు, నడుమ 0.5 మిల్లీమీటర్లు ఉండేవి సాధారణం. అర మిల్లీమీటరు ఉక్కు గోడ మీద మనిషి కూర్చుని కొండ దిగుతూ గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతాడు. ఈ ఒక్క సంగతి చాలు నన్ను ఈ పని ముందు నిలబెట్టడానికి.

ఇక్కడ మనకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. రెనాల్డ్స్ సంస్థను 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ కంపెనీ తనలో కలుపుకుంది. 1949లో మురుగప్ప కుటుంబంతో కలిసి మద్రాసులో సైకిళ్ల కర్మాగారం పెట్టినదీ ఆ కంపెనీయే. మన పల్లెల్లో పాల క్యాన్లు, వరి బస్తాలు మోసిన నల్ల హెర్క్యులిస్ సైకిలు అక్కడిదే. 1980లో హాలండు వీరుడు యోప్ జూటెమెల్క్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన టీఐ-ర్యాలీ సైకిలు పేరులో ఉన్న టీఐ కూడా అదే. కంపెనీ గొడుగు ఒక్కటే. మన నల్ల సైకిలుకూ లగ్గులున్నాయి, ఇత్తడి అతుకులున్నాయి. తేడా గొట్టంలో ఉంది, పనికి ఇచ్చిన సమయంలో ఉంది. ఇరవై కిలోల బరువుతో, ఎవరెక్కినా ఒకే కొలతతో, యాభై ఏళ్లు విరక్కుండా ఉండటం ఆ సైకిలు ధర్మం. దాని పక్కన పెట్టి చూస్తేనే ఒక్క మనిషి కోసం కట్టిన ఫ్రేములో ఏం జరుగుతుందో బాగా తెలుస్తుంది.

కొలతకు కట్టేవాడు గొట్టాన్ని కోసేముందే ఒక నిర్ణయం తీసుకోవాలి. లోపలి మందం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో బయటికి కనబడదు. పొట్టి మనిషికి పొట్టి ఫ్రేము కావాలంటే గొట్టాన్ని ఏ కొననుంచి ఎంత కోయాలి? ఒక వైపే కోసేస్తే అటువైపు మందమంతా పోయి, అతుకు పల్చటి గోడ మీద పడుతుంది. కొన్నేళ్ల తర్వాత సరిగ్గా అక్కడే చీలిక వస్తుంది. కోసిన తర్వాత కొనను అవతలి గొట్టం గుండ్రదనానికి సరిపోయేలా చేప నోటి ఆకారంలో చెక్కాలి. లగ్గు వాడితే ఈ పని లోపల దాగిపోతుంది కాబట్టి పెద్ద కర్మాగారాల్లో దీన్ని పైపైన తేల్చేయడం ఉంది. మంచి పనివాడు మాత్రం ఒక గొట్టాన్ని రెండోదానికి ఆనించి దీపానికి ఎదురుగా పట్టి, సందులోంచి వెలుతురు రాకుండా పోయేదాకా ఆకురాయి పడతాడు. ఫ్రేము బలంలో ఎక్కువ భాగం ఈ ఆనికలోనే ఉంది. లగ్గు, ఇత్తడి దాన్ని కదలకుండా పట్టి ఉంచుతాయి.

తర్వాత నిప్పు. ఉక్కు కరగాలంటే సుమారు 1500 డిగ్రీలు కావాలి. ఇత్తడి 900 డిగ్రీల దగ్గర, వెండి కలిపిన మిశ్రమం 650, 700 డిగ్రీల మధ్య పారుతుంది. ఉక్కును కరిగించకుండా, దానికీ లగ్గుకూ మధ్య ఉన్న సన్నటి సందులోకి ఈ రెండో లోహాన్ని పారించడమే బ్రేజింగ్. సందు ఒక మిల్లీమీటరులో పదోవంతు, అంతకన్నా తక్కువ. అంత ఇరుకులోకి కరిగిన లోహాన్ని ఎవరూ నెట్టనక్కరలేదు, వత్తి నూనెను పీల్చుకున్నట్టు సందే దాన్ని లోపలికి లాక్కుంటుంది. అలా లాక్కోవాలంటే లోహం శుభ్రంగా ఉండాలి, వేడికి తుప్పు పొర పట్టకూడదు. అందుకు వెలిగారం కలిసిన మందు పూస్తారు. మన కంసాలులు నగ అతికేముందు రాసే వెలిగారమే అది. వేడెక్కేకొద్దీ మందు ముందు పొంగి, తెల్లబడి, తర్వాత గాజులా పారదర్శకమవుతుంది. అది గాజైన క్షణం లోహం పెట్టాల్సిన క్షణం. ముందు పెడితే ఇత్తడి ముద్దలా నిలిచిపోతుంది. ఆలస్యమైతే మందు కాలిపోయి, గొట్టం గోడ అతివేడికి గుల్లబారుతుంది. మంటను ఒక వైపునుంచి పెట్టి, లోహాన్ని ఎదురు వైపునుంచి ఇచ్చి, లగ్గు చుట్టూ తిరిగి అది ఇటు వచ్చిందా అని చూస్తాడు పనివాడు. అంచులో బంగారు రంగు గీత ఒకటి తెగకుండా కనిపిస్తే లోపలంతా నిండిందని అర్థం.

ఈ పనిని పాత పద్ధతిలో ఇప్పటికీ చేస్తున్న చోటు ఇంగ్లండులోని డెర్బీ. అక్కడ 1946లో టామ్ క్రౌథర్, లూ బార్కర్ అనే ఇద్దరు మెర్షియన్ సైకిల్స్ పెట్టారు. చాలామంది ఫ్రేము కట్టేవాళ్లు ఆక్సిజన్, ఎసిటిలీన్ గొట్టం మంటతో అతికితే, వీళ్లది ఇటుకల కొలిమి. గ్యాసు, గాలి కలిసిన మెత్తటి పెద్ద మంట కొలిమిలో తిరుగుతుంది. అతుకు మొత్తం నెమ్మదిగా, నలువైపులా ఒకేసారి ఎర్రబడుతుంది. సన్నటి మంటలో ఒక చోట మాడి పక్కన చల్లగా ఉండే ప్రమాదం ఇందులో తక్కువ. చల్లారేటప్పుడు కూడా గొట్టం మెలిక తిరగడం తక్కువ. వేగంగా చేసే పద్ధతి కాదిది. వాళ్ల విన్సితోరే అనే రకంలో లగ్గుల అంచులకు సన్నటి వంకీలు, కొనలు చేత్తో కోస్తారు. రంగు వేశాక ఆ అంచుల వెంట వేరే రంగు గీతను కుంచెతో గీస్తారు. దుస్తుల రూపకర్త పాల్ స్మిత్ ఈ సైకిళ్లను ఇష్టపడి వాళ్లతో కలిసి పనిచేయడంలో నాకు ఆశ్చర్యం లేదు. ఒక అంచును ఎలా ముగించాలో తెలిసినవాళ్లు ఒకరినొకరు గుర్తుపడతారు. 2024 మే నెలలో ఆ కార్ఖానా మూతపడుతున్నట్టు ప్రకటించింది. కొద్ది వారాల్లోనే స్థానికులు కొందరు ముందుకొచ్చి దాన్ని కొని నిలబెట్టారు. డెబ్బై ఎనిమిదేళ్ల చేతిపని ఒక ఊరికి ఎంత విలువైందో దీన్నిబట్టి తెలుస్తుంది.

వెండి అతుకు సంగతి వేరే చెప్పాలి. 1976లో రెనాల్డ్స్ 753 అనే గొట్టం తెచ్చింది. వేడి చేసి పదును పెట్టిన ఉక్కు కాబట్టి గోడను మరింత పల్చగా లాగగలిగారు. ఇత్తడికి కావలసిన వేడి తగిలితే ఆ పదును పోతుంది. అంచేత తక్కువ వేడితో, వెండితోనే అతకాలి. ఆ గొట్టాన్ని అడిగినవాళ్లందరికీ అమ్మేవారు కాదు. ఫ్రేము కట్టేవాడు తన చేత్తో అతికిన నమూనా అతుకును రెనాల్డ్స్‌కు పంపాలి. వాళ్లు దాన్ని విరిగేదాకా పరీక్షించి, నచ్చితేనే యోగ్యతాపత్రం ఇచ్చి, ఆ తర్వాతే గొట్టాలు ఇచ్చేవారు. సరుకు అమ్మేవాడే కొనేవాడి చేతిని పరీక్ష పెట్టిన వ్యాపారం అది. ఆ పత్రం గోడకు తగిలించుకున్న చిన్న చిన్న కార్ఖానాలు బ్రిటన్‌లో చాలా ఉండేవి, వాళ్ల గర్వం న్యాయమైనదే.

లగ్గు ఉంటేనే మంచి పని అనుకోకూడదు. ఇటలీలో కల్దొనాత్సో అనే ఊళ్లో పనిచేసి పేరు తెచ్చుకున్న దారియో పెగొరెత్తి లగ్గులు వదిలేసి గొట్టాన్ని గొట్టానికి నేరుగా టిగ్ వెల్డింగ్ చేశాడు. ఆయన ఫ్రేముల మీద వెల్డింగు గీత నాణేలు వరుసగా పేర్చినట్టు ఉంటుంది. వెరోనాలో లుయిజీనో మిలాని దగ్గర పని నేర్చుకుని, పేరున్న రేసు వీరులకు ఇతరుల పేర్ల మీద ఎన్నో ఫ్రేములు కట్టి, తర్వాత తన పేరుతో నిలబడ్డాడు. రంగులు కూడా తానే వేసేవాడు. 2018లో చనిపోయాడు. ఆ రంగులు చూసి కొనేవాళ్లు ఎక్కువ. రంగుల కింద ఉన్న నిటారుతనం చూసి ఆయన్ను మెచ్చుకున్నవాళ్లు తోటి పనివాళ్లు.

ఆ నిటారుతనం దగ్గరికే వస్తున్నాను. అతుకులన్నీ అయ్యాక ఫ్రేమును చదునైన మందపాటి ఇనుప బల్ల మీద, పెడళ్ల ఇరుసు ఉండే చోట బిగించి, వెనక కాళ్లు, తల గొట్టం ఒకే తలంలో ఉన్నాయా అని కొలుస్తారు. వేడికి ఏ గొట్టమో ఒక వెంట్రుకవాసి లాగి ఉంటే అప్పుడు చల్లగానే వంచి సరిచేస్తారు. అసలు మంచి పనివాడికి వంచాల్సిన అవసరం తక్కువగా వస్తుంది, ఎందుకంటే ఏ అతుకు తర్వాత ఏది వేడి చేయాలో ముందే లెక్క వేసుకుంటాడు. తర్వాత తల గొట్టం రెండు మూతులూ సమాంతరంగా కోయడం, పెడళ్ల ఇరుసు మరలు మళ్లీ తిప్పి శుభ్రం చేయడం, సీటు కర్ర దిగే గొట్టాన్ని లోపల తొలిచి నున్నగా చేయడం. ఈ పనులు చూడ్డానికి ఏమీ ఉండవు. ఇవి సరిగా లేని సైకిలు మీద చేతులు వదిలితే ఒక పక్కకు లాగుతుంది, బేరింగులు ఏడాదికోసారి అరుగుతాయి, సీటు కర్ర కిర్రుమంటుంది.

ఇంతవరకూ చేతిపని. డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేల్చేది దానికి ముందు కాగితం మీద జరిగే పని. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

సైకిలు ముందు చక్రం తిరిగే అక్షాన్ని తల గొట్టం వెంట నేలదాకా పొడిగిస్తే, ఆ గీత టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది. ఆ రెంటి మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. రోడ్డు సైకిలుకు సాధారణంగా అది 55, 60 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. తక్కువైతే హ్యాండిల్ చపలంగా ఉంటుంది. ఎక్కువైతే నెమ్మదిగా పోయేటప్పుడు బరువుగా పక్కకు పడుతూ ఉంటుంది. తల గొట్టం వాలు 73 డిగ్రీలు, ఫోర్కు వంపు 45 మిల్లీమీటర్లు, 28 మిల్లీమీటర్ల టైరు అనుకుంటే ట్రెయిల్ సుమారు 57 వస్తుంది. ఇప్పుడు ఐదడుగుల మనిషికి ఫ్రేము కావాలి. చక్రం మాత్రం పెద్దవాళ్లదే, 700 సైజుది. ముందుకు దూరం తగ్గించేసరికి మలుపు తిప్పినప్పుడు పాదం కొన ముందు చక్రానికి తగులుతుంది. దాన్ని తప్పించడానికి కర్మాగారాలు తల గొట్టాన్ని 71 డిగ్రీలకు వాలుస్తాయి. ఫోర్కు మాత్రం ఎన్నో కంపెనీల్లో అన్ని సైజులకూ ఒకటే. లెక్క వేయండి, ట్రెయిల్ 69కి పెరిగిపోతుంది. అంటే పొడుగువాళ్ల సైకిలు ఒకలా, అదే పేరున్న పొట్టివాళ్ల సైకిలు ఇంకోలా నడుస్తుంది. చేత్తో కట్టేవాడు ఏం చేస్తాడు? అదే 71 డిగ్రీల వాలుకు ఫోర్కును 55 మిల్లీమీటర్లు వంచుతాడు. ట్రెయిల్ 59 దగ్గరికి వచ్చేస్తుంది. లేదా చిన్న చక్రం పెట్టి సమస్యను మొదట్లోనే తీసేస్తాడు. అమెరికాలో జార్జీనా టెర్రీ 1985లో కంపెనీ పెట్టి, స్త్రీల కోసం ముందు చక్రం వెనకదానికన్నా చిన్నదిగా ఉండే సైకిళ్లు తెచ్చింది ఇందుకే. చూసేవాళ్లకు వింతగా ఉండేవి, తొక్కినవాళ్లకు జీవితంలో మొదటిసారి సైకిలు సరిపోయింది.

కర్మాగారాలు సైజులు తగ్గించడానికి కారణం ఉంది. ఒకప్పుడు మంచి రేసు ఫ్రేములు సెంటీమీటరుకొక సైజు చొప్పున దొరికేవి. 1997లో జయంట్ కంపెనీ కోసం బ్రిటిష్ ఇంజనీరు మైక్ బరోస్ పై గొట్టాన్ని వాల్చి, టీసీఆర్ అనే సైకిలు రూపొందించాడు. సీటు కర్ర పొడవు, హ్యాండిల్ కొమ్ము పొడవు మార్చుకుంటే మూడే సైజులు చాలామందికి సరిపోతాయని చూపించాడు. తెలివైన పని, దానివల్ల మంచి సైకిలు చౌకైంది, దాన్ని తప్పుపట్టను. తర్వాత కార్బన్ వచ్చింది. ప్రతి సైజుకూ ఒక లోహపు అచ్చు, ఆ అచ్చుకు పెద్ద ఖర్చు. కాబట్టి సైజులు పరిమితంగానే ఉంటాయి. సగటు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకు వాటిలో ఏదో ఒకటి బాగానే సరిపోతుంది. కాళ్లు పొడుగై మొండెం పొట్టిగా ఉన్నవాళ్లు, భుజాలు మరీ సన్నవాళ్లు, ఒక కాలు పొట్టివాళ్లు, వెన్ను దెబ్బతిన్నవాళ్లు అచ్చుల మధ్య ఖాళీల్లో పడిపోతారు.

వెన్ను అంటే సైకిలు పందేల వీరుడు ఎడీ మెర్క్స్ గుర్తుకొస్తాడు. 1969 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బ్లువా పట్టణంలో, చిన్న మోటారు బండి వెనక తొక్కే ట్రాక్ పందెంలో పెద్ద ప్రమాదం జరిగింది. అతని ముందు బండి నడుపుతున్న ఫెర్నాండ్ వాంబ్‌స్ట్ అక్కడే చనిపోయాడు. మెర్క్స్ వెన్నుపూస చిట్లి, కటి ఎముక పక్కకు జరిగింది. ఆ తర్వాత అతనికి నొప్పి లేకుండా సైకిలు మీద కూర్చోవడం కుదరలేదు. సీటు ఎత్తు సర్దడానికి పానా జేబులో పెట్టుకుని, పందెం మధ్యలోనే సర్దుకునేవాడు. ఆ వెన్నుతోనే మరో నాలుగు టూర్ డి ఫ్రాన్స్‌లు గెలిచాడు. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఆ రికార్డు సైకిలు కట్టింది ఎర్నెస్తో కొల్నాగో. తర్వాతి ఏళ్లలో మిలాన్ పక్కన కుసానో మిలానీనోలో ఊగో డి రోజా అతనికి ఫ్రేము వెంట ఫ్రేము కట్టాడు, ప్రతిదాంట్లో వాలులో, పొడవులో ఏదో చిన్న మార్పుతో. పందేలు మానేశాక 1980లో మెర్క్స్ సొంత కర్మాగారం పెట్టుకున్నప్పుడు, అక్కడి పనివాళ్లకు పని నేర్పినదీ డి రోజాయే. ఆయన దగ్గరే కొంతకాలం ఉండి జపాను తిరిగి వెళ్లిన నగసావా యోషియాకి ఒసాకా దగ్గర ఫ్రేములు కట్టాడు. ఆ ఫ్రేముల మీద నకానో కోయిచి 1977 నుంచి 1986 దాకా వరసగా పదేళ్లు ప్రపంచ స్ప్రింట్ విజేత అయ్యాడు. ఒక్కో దెబ్బతిన్న వెన్ను, ఒక్కో పొడుగు తొడ ఏం అడిగిందో విని కట్టిన చేతులివి. చేతినుంచి చేతికి ఈ విద్య ఇలా నడిచింది.

డబ్బు విషయం ఇప్పుడు మాట్లాడొచ్చు. పేరున్న చోట ఉక్కు ఫ్రేము, ఫోర్కు మాత్రమే మన డబ్బులో సుమారు రెండు లక్షల దగ్గర మొదలై పైకి పోతాయి. గేర్లు, చక్రాలు, బ్రేకులు, సీటు విడిగా కొనాలి. విదేశంనుంచి తెప్పిస్తే రవాణా, దిగుమతి సుంకం అదనం. ఈ మొత్తంతో ఏ పెద్ద కంపెనీదైనా తేలికైన కార్బన్ సైకిలు, మంచి గేర్లతో సహా వస్తుంది. బరువు పోల్చితే ఉక్కు ఫ్రేము, ఫోర్కు కలిసి కార్బన్ జతకన్నా కిలో, ఒకటిన్నర కిలో ఎక్కువ తూగుతాయి. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుంటే కిలో అంటే నూటికి ఒకటింపావు వంతు. గంటసేపు ఎక్కే ఘాట్ రోడ్డులో ముప్పావు నిమిషం తేడా. పందెం తొక్కేవాడికి ఆ ముప్పావు నిమిషమే అంతా. అతడు కార్బన్ కొనుక్కోవాలి, నేనూ అదే చెబుతాను. చేత్తో కట్టిన ఉక్కు సైకిలు మిమ్మల్ని వేగంగా తీసుకెళ్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి ఏమిస్తుంది? హైదరాబాదులోనూ విశాఖలోనూ ఇప్పుడు బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూరపు సైకిలు ప్రయాణాలు, తొక్కేవాళ్లు పెరిగారు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఇందులో మొదటి స్థానం అంటూ ఉండదు, గడువులోగా తిరిగి రావాలి. అలాంటి ప్రయాణంలో మనిషిని ఆపేది ఊపిరి కాదు. 250 కిలోమీటర్ల తర్వాత తిమ్మిరెక్కే చిటికెనవేలు, మెడ వెనక మంట, మోకాలి చిప్ప కింద పోటు ఆపుతాయి. హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు దూరమైతే ఆదివారం ఉదయం తొక్కే యాభై కిలోమీటర్లలో తెలియదు, రాత్రి రెండు గంటలకు తెలుస్తుంది. కొలతకు కట్టిన ఫ్రేము అసలు విలువ అక్కడ ఉంది. దానితోపాటు మన రోడ్లకు కావలసినవి కూడా అడగొచ్చు. 35 మిల్లీమీటర్ల టైరు పట్టే చోటు, వానాకాలానికి మడ్‌గార్డు బిగించే కళ్లు, వెనక సంచీకి కడ్డీలు, కొండలకు చిన్న గేరు. అంగట్లో దొరికే రేసు సైకిళ్లలో ఇవన్నీ ఒకచోట దొరకడం కష్టం.

ఇంకో లాభం మరమ్మతు. లగ్గుతో అతికిన ఉక్కు గొట్టం సొట్టపడితే, విరిగితే, అదే అతుకును మళ్లీ వేడి చేసి పాత గొట్టం తీసి కొత్తది పెట్టొచ్చు. నలభై ఏళ్ల నాటి ఫ్రేములు గొట్టం మార్పించుకుని, రంగు వేయించుకుని మళ్లీ రోడ్డెక్కడం ఇంగ్లండులో మామూలు. మన దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఇంత పల్చటి గొట్టాన్ని రోడ్డు పక్క గ్యాస్ వెల్డింగు షాపులో ఇవ్వకండి. ట్రాక్టరు ట్రాలీ అతికే మంట అర మిల్లీమీటరు గోడను క్షణంలో తినేస్తుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లు ఫ్రేము లోపల తుప్పు మందు పూయించుకోవాలి. ఉప్పుగాలి బయటి రంగును వదిలేసి సీటు గొట్టం లోపలినుంచి పని మొదలుపెడుతుంది. లోపల పట్టిన తుప్పు చాలాకాలం ఎవరికీ కనబడదు.

కాబట్టి ఎవరు కట్టించుకోవాలి? ముందుగా ఎవరైనా చేయాల్సింది ఒకటుంది. ఇప్పుడున్న సైకిలు మీదే, తెలిసినవాళ్ల దగ్గర కొలతలు తీయించుకుని కూర్చునే తీరు సరిచేయించుకోండి. సీటు ఎత్తుకు రేసు వీరుడు గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన పాత లెక్క ఉంది. తొడల మధ్యనుంచి నేలదాకా కొలిచి 0.883తో హెచ్చించాలి. 80 సెంటీమీటర్ల కాలికి పెడళ్ల ఇరుసు మధ్యనుంచి సీటు పైదాకా 70.6 వస్తుంది. అక్కడ మొదలుపెట్టి కొంచెం అటూ ఇటూ సర్దుకోవాలి. వేరే సీటు, పొట్టి హ్యాండిల్ కొమ్ము, సన్నటి హ్యాండిల్, ఈ మూడూ కలిసి కొన్ని వేలల్లో అయిపోతాయి. నొప్పి వాటితో పోతే లక్షలు మిగిలినట్టే. కొమ్మును ఎంత పొట్టిగా పెట్టినా దూరమే అనిపిస్తే, కింద ఎన్ని వాషర్లు పేర్చినా ఎత్తు చాలకపోతే, మలుపులో పాదం చక్రానికి కొడుతూనే ఉంటే, తప్పు మీ ఒంటిది కాదు, అచ్చులది. అప్పుడు కట్టేవాడి దగ్గరికి వెళ్లండి.

వెళ్లినప్పుడు ఆయన మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతాడో గమనించండి. మంచివాడు గొట్టం పేరు చెప్పేముందు మీరు వారానికి ఎంత తొక్కుతారు, ఏ రోడ్ల మీద, పాత దెబ్బలున్నాయా, ఇప్పటి సైకిలు మీద ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. ఇప్పటి సైకిలు తెచ్చి చూపించమంటాడు. గీసిన బొమ్మ మీకు ఇచ్చి, ప్రతి కోణం ఎందుకలా పెట్టాడో చెబుతాడు. ట్రెయిల్ ఎంత వస్తుందని అడగండి. టక్కున అంకె చెప్పలేని చోట బయానా ఇవ్వకండి. రంగు వేయకముందు ఉన్న పచ్చి ఫ్రేములు చూపించమనండి. లగ్గు అంచులు, వెల్డింగు గీత కప్పుకోవడానికి ఏమీ లేకుండా కనబడేది అప్పుడే. ఎంత ఆలస్యమవుతుందో రాసి తీసుకోండి. ఒంటరిగా పనిచేసేవాళ్లకు జబ్బులు చేస్తాయి, కార్ఖానాలు మూతపడతాయి. మొత్తం డబ్బు ముందే కట్టకండి.

నా తీర్పు ఇది. సగటు కొలతల మనిషి, నాలుగైదేళ్లకోసారి సైకిలు మార్చాలనుకునేవాడు దీని జోలికి పోనక్కరలేదు. పోగేసుకున్న డబ్బు మంచి చక్రాల మీద, కొలత సరిచేయించుకోవడం మీద పెడితే అంతకన్నా ఎక్కువ సుఖపడతాడు. దూరాలు తొక్కుతూ, ఇరవై ఏళ్లు ఒకే సైకిలు ఉంచుకోదలచినవాళ్లకు ఇది ఖరీదైనదే గానీ దండగ కాదు. ఇక ఐదడుగులు, అంతకు తక్కువ ఎత్తున్నవాళ్లకు, ముఖ్యంగా మన స్త్రీలకు నా మాట సూటిగా చెబుతాను. రోడ్డు సైకిళ్ల లోకం ఇన్నేళ్లుగా మీకు పెద్దవాళ్ల చక్రాలు, పెద్దవాళ్ల ఫోర్కులు అంటగట్టింది. స్తోమత ఉంటే రెండో ఆలోచన లేకుండా, చిన్న చక్రాలతో, మీ కొలతకు ఫ్రేము కట్టించుకోండి.